పసికందు రక్తానికి పెద్దల కొలత వేయకండి

హైదరాబాద్‌లోని నవజాత శిశు ఐసీయూల (ఎన్‌ఐసీయూల) పెద్ద డాక్టర్లకు, ల్యాబ్ అధిపతులకు, బ్లడ్ బ్యాంకుల బాధ్యులకు, రాష్ట్ర వైద్యారోగ్య శాఖ అధికారులకు

నమస్కారం.

నేను ఈ నగరంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో, రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే బెంచి దగ్గర పనిచేస్తాను. డాక్టర్ని కాను. ఏ బిడ్డకు ఏం ఎక్కించాలో చెప్పడం నా పని కాదు. కానీ ఎన్‌ఐసీయూ నుంచి దిగే నీలం మూత ట్యూబ్ ముందు నా చేతికే వస్తుంది. అందులోంచి తేలిన అంకె నా చేతి మీదుగానే పైకి వెళ్తుంది. ఆ అంకె వెళ్ళాక ఏం జరుగుతోందో చూస్తూ ఉన్నాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రక్తస్రావం ఏమీ లేని పసికందులకు అలవాటుగా పీటీ, ఏపీటీటీ పరీక్షలు, అంటే గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్షలు, రాయడం ఆపండి. ఆ అంకె ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ప్లాస్మా (దాత రక్తంలో కణాలు తీసేసిన ద్రవం) ఎక్కించడం ఆపండి. పరీక్ష అవసరమైన బిడ్డకు మాత్రం సరైన శాంపిల్‌తో, ఆ బిడ్డ వయసుకు తగిన రేంజ్‌తో చేయించండి. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఇది ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది. ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ, కిలో అటూ ఇటూ. అడ్మిషన్ పరీక్షల్లో సీబీపీ, సీఆర్పీ, బ్లడ్ కల్చర్‌తో పాటు పీటీ, ఏపీటీటీ కూడా టిక్ పెట్టి ఉంటాయి. బిడ్డకు ఎక్కడా రక్తం కారడం లేదు, సూది గుచ్చిన చోట కూడా మామూలుగానే ఆగింది. అయినా శాంపిల్ వస్తుంది. ఏపీటీటీ 62 సెకన్లు అని తేలుతుంది. రిపోర్టులో దాని పక్కన నార్మల్ 26 నుంచి 40 అని అచ్చయి ఉంటుంది కాబట్టి కంప్యూటర్ తనంతట తానే ఎర్రగా ‘హై’ అని వేస్తుంది. పైన డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్‌కు టెన్షన్. బయట బెంచీ మీద కూర్చున్న తండ్రిని పిలుస్తారు. కాసేపటికి ఆ తండ్రి చేతిలో కాగితంతో మా కిటికీ దగ్గరికి వస్తాడు. “సార్, మా బాబుకు రక్తం గడ్డ కడ్తలేదంట. ప్లాస్మా తెమ్మన్నరు. యాడ దొరుకుతది?” అని అడుగుతాడు.

ఆయన వికారాబాద్ వైపు నుంచో, నాగర్‌కర్నూల్ వైపు నుంచో అంబులెన్సులో బిడ్డ వెంట వచ్చిన మనిషి. భార్య అక్కడి ఆసుపత్రిలోనే కుట్లతో పడుకుని ఉంటుంది. ఈ ఊళ్ళో ఏ రోడ్డు ఎటు పోతుందో తెలియదు. డోనర్‌ని తీసుకురమ్మంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. అన్నిటికంటే ఎక్కువగా ఆయన్ని కుంగదీసేది “రక్తం గడ్డ కట్టడం లేదు” అన్న మాట. ఆ మాట అక్కడి నుంచి ఫోన్‌లో తల్లి దాకా పోతుంది. నిజానికి ఆ బిడ్డ రక్తం తన వయసుకు గడ్డ కట్టాల్సినట్టే కడుతోంది.

62 సెకన్లన్నది అబద్ధం కాదు. మెషిన్ సరిగ్గానే కొలిచింది. కానీ ‘ఎక్కువ’ అంటే ఎవరితో పోలిస్తే ఎక్కువ? ఆ 26, 40 ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల నుంచి తీసిన రేంజ్. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మోరీన్ ఆండ్రూ బృందం 1987లో నెలలు నిండిన శిశువుల మీద, 1988లో నెలలు నిండని శిశువుల మీద ఈ లెక్కలు తీసింది. పుట్టిన మొదటి రోజు ఏపీటీటీ నెలలు నిండిన శిశువులో సుమారు 31 నుంచి 54 సెకన్ల దాకా ఉంది. 30 నుంచి 36 వారాల మధ్య పుట్టిన శిశువులోనైతే సుమారు 27 నుంచి 79 దాకా ఉంది. వీళ్లంతా ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. 30 వారాల కంటే ముందే పుట్టినవాళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది. మెషిన్, రసాయనం మారితే సెకన్లు కొంత మారతాయి కాబట్టి ఇవే అంకెలు అన్ని ల్యాబ్‌లకూ అతకవు. అయినా విషయం తెలుస్తూనే ఉంది కదా. మేం ఎర్ర రంగు వేసి పంపుతున్న 62, ఆ బిడ్డకు మామూలు అంకె.

ఎందుకు ఎక్కువగా ఉంటుందంటే, విటమిన్ కె మీద ఆధారపడి తయారయ్యే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు, అంటే గడ్డ కట్టించే ప్రొటీన్లు, పుట్టినప్పుడు పెద్దవాళ్లలో ఉండే దాంట్లో సగం ప్రాంతంలోనే ఉంటాయి. కాలేయం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఇంతవరకూ అందరూ చెప్తారు. అసలు చెప్పాల్సింది ఆ తర్వాతి సంగతి. గడ్డను అదుపులో పెట్టే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ కూడా పసిబిడ్డలో అలాగే తక్కువగా ఉంటాయి. ప్రొటీన్ సి అయితే పెద్దవాళ్లలో ఉండే దాంట్లో సుమారు మూడో వంతే ఉంటుంది. తక్కెడలో రెండు పళ్ళేల నుంచీ బరువు తీశారు, కాబట్టి ముల్లు మధ్యలోనే ఉంది. 8వ ఫ్యాక్టర్ మాత్రం తక్కువ కాదు. ప్లేట్‌లెట్లను నాళం గోడకు అంటించే వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ పెద్దవాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది. పసిబిడ్డ ప్లేట్‌లెట్లు కాస్త మందకొడిగా పనిచేస్తాయి, ఆ లోటును ఇది పూడుస్తుంది. ఇది జబ్బు కాదు, ఆ వయసు రక్తం అలాగే పనిచేస్తుంది. కొన్ని నెలల్లో తనంతట తానే పెద్దల తీరుకు వస్తుంది.

పీటీ, ఏపీటీటీ ఈ తక్కెడలో ఒక పళ్ళేన్నే చూస్తాయి. మేం చేసేది ఏమిటంటే, రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను, ప్లేట్‌లెట్లను అడుక్కి దింపేస్తాం. పైన తేలిన ప్లాస్మాలో రసాయనం, కాల్షియం కలిపి మొదటి పోగు కట్టేదాకా ఎన్ని సెకన్లో చూస్తాం. అంతే. రక్తనాళం గోడ అందులో లేదు, ప్లేట్‌లెట్ లేదు, ఎర్రకణం లేదు. కట్టిన గడ్డ గట్టిగా నిలిచిందా లేదా అన్నదీ మాకు తెలియదు. ప్రొటీన్ సి తక్కువగా ఉండడం వల్ల బిడ్డకు కలిసొచ్చే బలం ఈ పరీక్షకు కనిపించదు. రిపోర్టులో వచ్చే ఐఎన్ఆర్ సంగతి సరేసరి. అది పీటీ నుంచి కట్టే లెక్క, రక్తం గడ్డ కట్టకుండా వార్ఫారిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మోతాదు సరిచూడడానికి తయారైంది. రెండు రోజుల పసికందు ఐఎన్ఆర్ 1.8 అని చెప్పి రక్తస్రావం ముప్పును అంచనా కట్టడానికి ఆధారమే లేదు.

నెలలు నిండని బిడ్డల్లో మనందరికీ భయం పుట్టించేది మెదడులో రక్తస్రావం. అది ఎక్కడ మొదలవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మెదడు లోపల జెర్మినల్ మ్యాట్రిక్స్ అనే చోట సన్నని, బలహీనమైన రక్తనాళాలు ఉంటాయి. రక్తపోటు ఒక్కసారిగా పెరిగి తగ్గినా, ఊపిరి ఇబ్బందితో కార్బన్ డయాక్సైడ్ హెచ్చుతగ్గులైనా అవి చిట్లుతాయి. ఎక్కువ భాగం మొదటి మూడు రోజుల్లోనే జరిగిపోతుంది. అంటే మూలం చాలావరకు రక్తనాళంలోనూ రక్త ప్రవాహంలోనూ ఉంది. టెస్ట్ ట్యూబ్‌లో ప్లాస్మా ఎన్ని సెకన్లకు గడ్డ కట్టిందో చూసి ఆ నాళం ఎప్పుడు చిట్లుతుందో చెప్పమంటే అది ఎలా చెప్తుంది?

ఇక మా బెంచి దగ్గరి విషయం. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

నీలం మూత ట్యూబ్‌లో ముందే, రక్తం గడ్డ కట్టకుండా ఆపే సోడియం సిట్రేట్ ద్రవం ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్, ఇది తప్పకూడదు. 2 మిల్లీలీటర్ల ట్యూబ్ అంటే 0.2 సిట్రేట్, 1.8 రక్తం. గీత దాకా రక్తం రావాలి. ఎన్‌ఐసీయూ నుంచి వచ్చే ట్యూబ్‌లు చాలాసార్లు గీత కంటే కిందే ఉంటాయి. తప్పు సిస్టర్లది కాదు, వేలు మందం లేని ఆ చేతిలో నరం దొరకడమే గొప్ప. కానీ రక్తం తగ్గితే సిట్రేట్ ఎక్కువైపోతుంది. మేం కలిపే కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది, సెకన్లు పెరిగిపోతాయి. బిడ్డలో ఏ లోపమూ లేకుండానే రిపోర్టు ఎర్రబడుతుంది.

ట్యూబ్ గీత దాకా నిండినా ఇంకో చిక్కు ఉంది. పుట్టిన మొదటి రోజుల్లో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 55 దాటడం మామూలే, 60 ఉన్నవాళ్లూ ఉంటారు. ఎర్రకణాలు అంత చిక్కగా ఉంటే ప్లాస్మా పాలు తగ్గిపోతుంది. ట్యూబ్‌లో సిట్రేట్ మాత్రం అంతే ఉంది. మళ్ళీ అదే కథ. 55 దాటితే సిట్రేట్ తగ్గించుకోవాలని నియమం ఉంది, దానికో లెక్క కూడా ఉంది. హెమటోక్రిట్ 60 ఉన్న బిడ్డకు ఆ ట్యూబ్‌లో 0.2కి బదులు సుమారు 0.13 మిల్లీలీటర్లే ఉండాలి. అలా సరిచేసిన ట్యూబ్ కావాలంటే వార్డు నుంచి ముందే ఫోన్ రావాలి, హెమటోక్రిట్ ఎంతో చెప్పాలి. ఈ ఫోన్ రావడం ఎంత అరుదో ఈ పని చేసే ఎవరిని అడిగినా చెప్తారు.

బొడ్డు లైన్‌లోంచి తీసిన శాంపిల్ అయితే లైన్‌లో గడ్డ కట్టకుండా వాడిన హెపారిన్ మందు కొంచెం కలిసినా ఏపీటీటీ ఎటో వెళ్ళిపోతుంది. మడమ గుచ్చి పిండి తీసిన రక్తం ఈ పరీక్షకు అసలు పనికిరాదు. తీయడం ఆలస్యమైతే ట్యూబ్‌లోనే చిన్న గడ్డ కట్టేస్తుంది. మేం పుల్లతో తిప్పి చూస్తే జిగురులా పుల్లకు అంటుకుని వస్తుంది. అప్పుడు మేం రాసేది ఒక్కటే: ‘శాంపిల్ క్లాటెడ్, రిపీట్’.

ఆ ‘రిపీట్’ అన్న మాట రాసేటప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం సుమారు 85, 90 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసు నిండితే అంతే. దాంట్లోంచి ఒక్క పరీక్షకు రెండు మిల్లీలీటర్లు తీశామంటే నూటికి రెండు పాళ్లకు పైగా పోయినట్టే. పెద్దవాళ్ల ఒంటి లెక్కలో చూస్తే అది నూరు మిల్లీలీటర్లు దాటుతుంది. రిపీట్ అంటే ఇంకో రెండు. ఇలా పరీక్షల కోసం తీసిన రక్తం వల్లే ఎన్‌ఐసీయూ బిడ్డకు రక్తం తగ్గి, మళ్ళీ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఏ నిర్ణయానికీ పనికిరాని పరీక్ష కోసం ఈ రెండు మిల్లీలీటర్లు తీయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్లాస్మా ఎక్కిస్తే నష్టమేముంది, ముందు జాగ్రత్తే కదా అని చాలామంది అనుకుంటారు. ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చింది. ఉత్తర ఇంగ్లండ్‌లో 32 వారాల లోపు పుట్టిన 776 మంది శిశువులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ముందు జాగ్రత్తగా ప్లాస్మా, ఇంకో గుంపుకు జెలటిన్ ద్రావణం, మూడో గుంపుకు గ్లూకోజ్ ఇచ్చి చూశారు. 1996లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల వయసు నాటికి మరణాల్లో గానీ, వైకల్యాల్లో గానీ ప్లాస్మా వల్ల మేలు ఏదీ కనబడలేదు. బ్రిటిష్ రక్తశాస్త్ర నిపుణులు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. పసిబిడ్డల్లో అలవాటుగా ఈ పరీక్షలు చేయవద్దనీ, రక్తస్రావం లేకుండా కేవలం రిపోర్టును సరిచేయడానికి ప్లాస్మా ఇవ్వడానికి ఆధారం లేదనీ అన్నాయి.

ప్లేట్‌లెట్ల విషయంలో అయితే ఇంకా కళ్ళు తెరిపించే సంగతి బయటపడింది. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లో కలిపి జరిగిన ప్లానెట్-2 అధ్యయనంలో నెలలు నిండని 660 మంది శిశువులు ఉన్నారు. సగం మందికి ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గగానే ఎక్కించారు. మిగతా సగం మందికి 25 వేల కంటే తగ్గేదాకా ఆగారు. తొందరగా ఎక్కిస్తే రక్తస్రావం తగ్గుతుందనే అందరూ అనుకున్నారు. జరిగింది తలకిందులు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లూ, పెద్ద రక్తస్రావం అయినవాళ్లూ కలిపి తొందరగా ఎక్కించిన గుంపులో 26 శాతం, ఆగిన గుంపులో 19 శాతం. 2019లో ఈ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఒకటి కాదని నాకు తెలుసు. కానీ అంకెను సరిచేస్తే బిడ్డ బాగుపడుతుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కిలోకు 15 మిల్లీలీటర్ల ప్లాస్మా అంటే కిలో బిడ్డకు ఒంట్లో ఉన్న రక్తంలో దాదాపు ఆరో వంతు ద్రవం అదనంగా చేరినట్టు. ఆ బలహీనమైన నాళాల్లోకి, ఎదగని ఊపిరితిత్తుల్లోకి, ఇంకా కుదుటపడని గుండెలోకి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రియాక్షన్ రావడం, ఇన్ఫెక్షన్ ముప్పు, ఇవన్నీ తక్కువసార్లే జరుగుతాయి, నిజమే. కానీ మేలు లేనప్పుడు ఆ కొంచెం ముప్పు కూడా ఎందుకు మోయాలి?

బ్లడ్ బ్యాంకుల వాళ్లకు ఇక్కడ ఒక మాట. దాత ఇచ్చిన ఒక ప్లాస్మా సంచిని కరిగించి, దాంట్లోంచి 15 మిల్లీలీటర్లు బిడ్డకు వాడి, మిగతాదంతా పారబోస్తున్న చోట్లు ఉన్నాయి. ఒకసారి కరిగిన ప్లాస్మాను మళ్ళీ ఫ్రీజ్ చేసి దాచుకోలేం. నిజంగా అవసరమైన బిడ్డ కోసమైనా చిన్న సంచులుగా విడగొట్టి ఉంచే ఏర్పాటు ప్రతి పెద్ద బ్యాంకులోనూ ఉండాలి.

ఇదంతా చదివి పరీక్షే వద్దంటున్నానని అనుకోకండి. నేను చేసే పని అది, దాని విలువ నాకు తెలుసు. బిడ్డకు బొడ్డు దగ్గర, మలంలో, ఊపిరి గొట్టంలో రక్తం కనిపిస్తే పరీక్ష వెంటనే కావాలి. ఇన్ఫెక్షన్ ముదిరి సూది గుచ్చిన ప్రతి చోటా రక్తం ఊరుతుంటే పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు అన్నీ కలిపి చూడాలి. గడ్డకు పోగులుగా మారే ఈ ఫైబ్రినోజెన్ బాగా పడిపోయి ఉంటే, అది దండిగా ఉండే క్రయో అనే రక్త భాగం ఇస్తారు, బిడ్డలు బతుకుతారు. సున్తీ చేసినప్పుడో, టీకా వేసినప్పుడో మగబిడ్డకు రక్తం ఆగకపోతే, ఏపీటీటీ ఒక్కటే బాగా పెరిగి ఉంటే పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బు హిమోఫీలియాను అనుమానించాలి. 8వ ఫ్యాక్టర్ పసిబిడ్డలో తక్కువగా ఉండదు కాబట్టి హిమోఫీలియా ఎ పుట్టిన రోజే తేల్చవచ్చు. మేనమామకు ఆ జబ్బు ఉందని తల్లి చెప్తే అసలు ఆలస్యమే చేయకూడదు. కాలేయం దెబ్బతిన్న బిడ్డ, పెద్ద ఆపరేషన్‌కు వెళ్ళే బిడ్డ, పుట్టినప్పుడు ఊపిరాడక కూలింగ్‌లో, అంటే ఒళ్ళు చల్లబరిచే చికిత్సలో, ఉన్న బిడ్డ, వీళ్ల సంగతీ వేరు. కూలింగ్‌లో బిడ్డ ఒళ్ళు 33.5 డిగ్రీల దగ్గర ఉంటుంది, మా మెషిన్ మాత్రం 37 డిగ్రీల దగ్గరే కొలుస్తుంది. ఆ తేడాను గుర్తుపెట్టుకుని రిపోర్టు చదవాలని మాత్రం గుర్తుచేస్తున్నాను.

అన్నిటికంటే విటమిన్ కె లోపం. మూడు నాలుగు వారాల బిడ్డ, తల్లిపాలు మాత్రమే తాగుతూ బొద్దుగా ఉన్న బిడ్డ, ఉన్నట్టుండి ఫిట్స్‌తో వస్తుంది. తలలో రక్తస్రావం. పీటీ మెషిన్ కొలవలేనంత దూరం పోతుంది. విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చాక గంటల్లో దిగివస్తుంది. రిపోర్టు బాగుపడుతుంది గానీ మెదడులో జరిగిన నష్టం వెనక్కి రాదు. పుట్టగానే ఒక్క ఇంజక్షన్ చేసి ఉంటే ఇది జరిగేది కాదు. కిలో, అంతకు మించి ఉన్న బిడ్డకు 1 మిల్లీగ్రాము, కిలో లోపు బిడ్డకు అర మిల్లీగ్రాము. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే ప్రసవం జరిగే ప్రతి ఆసుపత్రిలో ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. విటమిన్ కె కనుక్కున్నందుకు హెన్రిక్ డామ్‌కు, దాని రసాయన స్వరూపం తేల్చినందుకు ఎడ్వర్డ్ డాయిజీకి 1943 నోబెల్ వచ్చింది. అంత పాత మందు, అంత చవక మందు. రక్తస్రావాన్ని ముందే పసిగట్టాలని మనం ప్లాస్మా కోసం తండ్రులను ఊరంతా తిప్పుతున్నాం. ముందే ఆపగలిగిన ఈ రక్తస్రావం మాత్రం ఇంకా మా బెంచి దాకా వస్తూనే ఉంది. వైద్యారోగ్య శాఖ వారికి నా విన్నపం: ప్రతి ప్రసవ కేంద్రంలో, చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌తో సహా, డిశ్చార్జి కాగితం మీద విటమిన్ కె ఇచ్చిన తేదీ, సమయం, మోతాదు రాయడం తప్పనిసరి చేయండి. రెఫరల్ మీద వచ్చిన బిడ్డ కాగితాల్లో మొదట వెతకాల్సింది అదే.

మరి ఏ బిడ్డకు రక్తస్రావం అవుతుందో ఎలా అంచనా వేయాలి? దీనికి మీకు ఇప్పటికే తెలిసిన జవాబులే గట్టివి. ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, తల్లికి కాన్పుకు ముందు స్టెరాయిడ్ ఇంజక్షన్లు పడ్డాయా, ఇన్ఫెక్షన్ ఉందా, పేగు కుళ్ళే జబ్బు ఉందా, వెంటిలేటర్ మీద ఉందా, రక్తపోటు నిలకడగా ఉందా, తల స్కాన్‌లో ఏముంది. స్టెరాయిడ్లు, బొడ్డు తాడు కాస్త ఆగి కత్తిరించడం, బిడ్డను మెల్లగా కదిలించడం, ద్రవాలు ఒక్కసారిగా ఎక్కించకపోవడం, నిజంగా మెదడును కాపాడేవి ఇవి. సిస్టర్లు రోజూ బిడ్డను తుడిచేటప్పుడు, ట్యూబులు మార్చేటప్పుడు రక్తం జాడ ఎక్కడ, ఎంత కనిపించిందో రాసిపెట్టడానికి నియోబ్యాట్ అనే పట్టిక ఉంది. కాగితం, పెన్ను ఉంటే చాలు. ఏ మెషిన్ కంటే ముందు బిడ్డను చూసేది సిస్టరే. ఆమె రాసిన ఆ వరుసకు కేస్ షీటులో చోటివ్వండి.

టెగ్, రోటెమ్ లాంటి కొత్త మెషిన్ల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అవి మొత్తం రక్తాన్నే చూస్తాయి, అర మిల్లీలీటరు లోపే చాలు, గడ్డ ఎంత గట్టిగా ఉందో కూడా చెప్తాయి. పసిబిడ్డల రక్తం గడ్డకట్టడంలో పెద్దల కంటే వెనకబడి లేదని నమ్మడానికి అవి బాగా సాయపడ్డాయి. నాకు వాటి మీద ఆశ ఉంది. కానీ రేపు రక్తస్రావం అవుతుందా లేదా అని అవి చెప్పగలవని ఇంకా రుజువు కాలేదు. లక్షలు పోసి మెషిన్ కొనే ముందు రిపోర్టు కాగితం మీద రేంజ్ మార్చుకుందాం, దానికి ఖర్చేమీ లేదు.

జూనియర్ డాక్టర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాత్రి రెండింటికి ఎర్ర అంకె చూసి ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సిన పాతికేళ్ల మనిషి పరిస్థితి నాకు అర్థమవుతుంది. రేపు బిడ్డకు ఏదైనా అయితే “రిపోర్టు చూసి కూడా ఊరుకున్నావా” అని అడుగుతారు. బంధువులు అడుగుతారు, పెద్ద డాక్టర్ అడగవచ్చు, కోర్టులో లాయర్ అడగవచ్చు. ఆ భయంతోనే ఫోన్ అందుకుని ప్లాస్మా రాస్తారు. దీనికి విరుగుడు పెద్దల చేతిలోనే ఉంది. ఏ బిడ్డకు పరీక్ష చేయాలి, ఏ పరిస్థితిలో ప్లాస్మా ఇవ్వాలి, ఏ పరిస్థితిలో ఇవ్వకూడదు అన్నది ఒక పేజీలో రాసి, యూనిట్ హెడ్ సంతకం పెట్టి, ఎన్‌ఐసీయూ గోడకు అంటించండి. ‘బిడ్డకు రక్తస్రావం లేదు, అంకె వయసుకు తగినట్టే ఉంది, ప్లాస్మా అవసరం లేదు’ అని కేస్ షీటులో రాసే ధైర్యం అప్పుడు ఆ జూనియర్ డాక్టర్‌కు వస్తుంది. ఒక్కో ఆసుపత్రి ఒక్కో పద్ధతి పెట్టుకునే బదులు నగరం మొత్తానికి ఒకే పేజీ ఉంటే ఇంకా మంచిది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి రెఫర్ అయ్యే బిడ్డలు ఎంతమందో మీకు తెలుసు.

ఈ పనికి హైదరాబాద్ తగిన చోటే. ప్రసవంలో ఒక పనిమనిషి చనిపోవడం చూసి చలించిన యువరాణి నీలోఫర్ పట్టుదలతో, ఆమె పేరిట రెడ్‌హిల్స్‌లో 1953లో తల్లీబిడ్డల ఆసుపత్రి మొదలైన నగరం ఇది. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్, గాంధీ ఆసుపత్రుల్లో రాష్ట్రం నలుమూలల తల్లులు కాన్పు అవుతారు. పెద్ద ప్రైవేటు ఎన్‌ఐసీయూలు పక్క రాష్ట్రాల బిడ్డలను కూడా చూస్తున్నాయి. ఇక్కడ ఒక పద్ధతి కుదిరితే జిల్లాల్లోని నవజాత శిశు కేంద్రాలు దాన్నే అందుకుంటాయి. ఇక్కడి మంచి అలవాటూ జిల్లాలకు పోతుంది, చెడు అలవాటూ పోతుంది.

ల్యాబ్ అధిపతులకు మా తరఫున చేయాల్సిన పనులు ఉన్నాయి, వాటిని వార్డు మీదికి నెట్టడం న్యాయం కాదు. సాఫ్ట్‌వేర్‌లో బిడ్డ పుట్టిన తేదీ, ఎన్ని వారాలకు పుట్టిందో నమోదు చేసి, దానికి తగిన రేంజ్ అచ్చయ్యేలా చేయించండి. పసికందు రిపోర్టు మీద ఐఎన్ఆర్‌కు ఎర్ర రంగు తీసేయించండి. 1 మిల్లీలీటరు పట్టే చిన్న సిట్రేట్ ట్యూబ్‌లు తెప్పించి ఎన్‌ఐసీయూలోనే ఉంచండి. హెమటోక్రిట్ 55 దాటిన బిడ్డకు ట్యూబ్ సరిచేసే బాధ్యత రాత్రి షిఫ్ట్‌తో సహా ఎవరిదో పేరు రాసి పెట్టండి. గీత కంటే తక్కువ నిండిన శాంపిల్ వస్తే, మొహమాటపడి అంకె ఇవ్వకుండా తిప్పి పంపే అధికారం మాకు ఇవ్వండి. అదే సమయంలో అసలు ఈ పరీక్ష ఎందుకు అని ఫోన్ చేసి అడిగే అధికారం కూడా ఇవ్వండి. అడిగితే కసురుకోవద్దని వార్డు డాక్టర్లకు చెప్పండి.

తల్లిదండ్రులతో మాట్లాడే డాక్టర్లకు ఒక్క విన్నపం. “రక్తం గడ్డ కట్టడం లేదు” అన్న మాట వాడకండి, అది నిజమైన బిడ్డ విషయంలో తప్ప. “బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది, ఈ అంకె ఈ వయసులో ఇలాగే ఉంటుంది, రక్తం ఎక్కడైనా కనిపిస్తుందేమో మేం చూస్తూనే ఉన్నాం” అని చెప్తే ఏ తండ్రికైనా అర్థమవుతుంది. ఏ చదువూ లేని అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది.

ఈ వారంలో ఒక పని చేయమని ప్రతి ఎన్‌ఐసీయూ ఇన్‌ఛార్జిని అడుగుతున్నాను. గత నెలలో మీ యూనిట్‌లో ప్లాస్మా ఎక్కించిన బిడ్డల కేస్ షీట్లు తీయించండి. ఎంతమందికి ఆ రోజు నిజంగా రక్తస్రావం ఉందో, ఎంతమందికి అంకె మాత్రమే ఎక్కువగా ఉందో మీరే లెక్కపెట్టండి. తర్వాత మీ ల్యాబ్‌కు ఫోన్ చేసి, మన పిల్లల రిపోర్టు మీద ఎవరి రేంజ్ వేస్తున్నారని అడగండి. ఆ ఫోన్ ఎత్తడానికి మా బెంచి దగ్గర ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉంటారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నాలజిస్టు,
హైదరాబాద్